కేజీల లెక్కన శీలావతి

మనుషుల్ని అనుమానించడం నాకు కొత్త కాదు. చింతపల్లిలో ఇరవయ్యారేళ్ళు కిరాణా కొట్టు నడిపినదాన్ని. సంతరోజున పదిమంది ఒక్కసారి మీద పడ్డా, ఎవరి చెయ్యి బెల్లం బుట్ట మీదుందో తలెత్తకుండానే చెప్పేదాన్ని. మా ఆయన ఆదినారాయణ అలా కాదు, ఎవరేం చెప్పినా తలూపుతాడు. అందుకే ఆ మిలట్రీ లారీని మాట్లాడిపెట్టింది ఆయన, దాంట్లో కూర్చుని హడలి చచ్చింది నేను.

రోడ్డు వెడల్పు చేస్తామని మా కొట్టు గోడ మీద ఎర్రగీత గీశారు. గీతకు లోపల మాకు మిగిలింది నీళ్ళతొట్టి ఒక్కటే. సాలూరు పక్కన పాచిపెంటలో మా ఆయన చిన్నాన్నగారి కొట్టు ఖాళీగా ఉందంటే అక్కడికి మారిపోదామనుకున్నాం. సున్నాలు వేయించడానికి ఆయన రెండు రోజులు ముందే బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఇంటి సామాను, కొట్టు సామాను కలిపి ఒక్క లోడుగా వేయించుకుని నేను రావాలి. ఆ లోడుకి దొరికిన బండి సోములు లారీ.

సోములుది జి.మాడుగుల అవతల కొండ మీద ఊరు. యాభై దాటిన గిరిజనుడు, మాట పొదుపు. ఆ లారీ ఒకప్పుడు సైన్యంలో తిరిగిందట. ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, వెనక గుడ్డ టాపుతో, దుమ్ము కింద ఆకుపచ్చ రంగుతో ఉంటుంది. క్యాబిన్లోకి ఎక్కాలంటే నడుమెత్తున కాలు పెట్టాలి. లోపల తుపాకీ తగిలించుకునే ఇనప కొక్కెం ఇంకా ఉంది. దానికి సోములు తన గుడ్డసంచీ తగిలించుకున్నాడు.

తెల్లారకముందే బండి తెచ్చాడు. తెచ్చినవాడు కొట్టు ముందు ఆపాలా? ఆపలేదు. నాలుగిళ్ళ అవతల, ఏటవాలుగా ఉన్న చోట ఆపి, టైర్లకు రాళ్ళు పెట్టాడు.

"అక్కడెందుకు? సామాన్లు మొయ్యలేక సస్తాం. ఇటు తెచ్చి పెట్టు" అన్నాను.

"అక్కడే ఉండాలమ్మా" అన్నాడు. కారణం చెప్పలేదు. మనకెందుకు చెబుతాడు?

బీరువా, మంచాలు, ఇనప రాకులు, కాటాలు, గాజు సీసాలు అన్నీ అంత దూరం మోసుకెళ్ళి ఎక్కించారు. చివరికి నీలం ప్లాస్టిక్ డ్రమ్ము మిగిలింది. సోములు దాని మీద చెయ్యి వెయ్యబోతుంటే నేను గట్టిగానే అరిచాను.

"దాన్ని ముట్టుకోకు!"

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏటుందమ్మా దాన్లో?"

"ఏటుంటే నీకెందుకు? దాన్ని నేనే ఎక్కించుకుంటాను."

పక్క కొట్టు మాధవిని పిలిచి, ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఎక్కించాం. తాడు కూడా నేనే కట్టాను. సోములు పక్కన నిలబడి ఆ డ్రమ్మునే చూస్తున్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

అప్పట్లో నాకు ఏ చూపూ నచ్చేది కాదు, దానికి కారణం మా అమ్మాయి సౌజన్య. కానిస్టేబుల్ ఉద్యోగానికి సెలక్టయింది. మూడేళ్ళు తెల్లవారుజామున లేచి, ఆ చలిలో కాలేజీ గ్రౌండు చుట్టూ పరిగెత్తి తెచ్చుకున్న ఉద్యోగం. ఇంక వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. వచ్చేవారం ఇంటికి వచ్చి, కుటుంబంలో ఎవరి మీదైనా కేసులున్నాయా అని అడుగుతారు. మా కొండల వైపు కేసంటే గంజాయి కేసే. గంజాయి ఏ బండిలో దొరికినా, ఆ బండిలో ఉన్నవాళ్ళంతా ముద్దాయిలే. నాకు తెలియదు బాబూ అంటే వినేవాడు ఉండడు. ఇల్లు మారుతున్నామని చెప్పి పరుపుల్లో, బీరువాల్లో పెట్టి కిందికి దింపుతున్నారని పేపర్లో వస్తూనే ఉంది. ఆ సంగతి నాకు గుర్తొచ్చింది బండి కదిలాకే, అదే నా ఖర్మ.

సోములు టైర్ల కింద రాళ్ళు తీసి ఎగిరి క్యాబిన్లో కూర్చున్నాడు. బండి ఏటవాలున జారి, గుర్రుమని, ఒక్క కుదుపుతో లేచింది.

"నర్సీపట్నం దిగిపోతే రోడ్డంతా బాగుంటాది కదా" అన్నాను.

"ఆ రోడ్డు మనకి కుదరదమ్మా. కొండ మీంచే పోదాం. పాడేరు, అరకు, ఎస్.కోట దిగిపోతే సాలూరు ఎంతసేపు?"

మంచి రోడ్డు ఎందుకు కుదరదు? అడిగితే ముందుకు చూసి బండి తోలుతున్నాడు.

జి.మాడుగులలో టీ కోసం ఆపాడు. ఆపాడంటే బండి నిలబెట్టాడు, ఇంజను ఆపలేదు. అది డగడగమని కొట్టుకుంటూ పొగ కక్కుతూ ఉంది.

"డీజిలు ఊరికే వచ్చిందా? ఆపొచ్చు కదా" అన్నాను.

"ఆపనమ్మా" అన్నాడు. అంతే.

ఎప్పుడంటే అప్పుడు పారిపోవడానికి సిద్ధంగా ఉంచుకున్నట్టే కదా అది. టీ గ్లాసు పట్టుకుని అతను బండి వెనక్కి వెళ్ళాడు. ఫోన్ మోగింది. ఇంజను మోతకు గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. నేను చెవి అటే వేశాను.

"ఆ, సోమ్లునే బాబూ. బయల్దేరిపోనాను. సాయంత్రానికి శీలావతిని సాలూరు తెచ్చి మీకు అప్పజెప్పేత్తాను... ఎన్ని కేజీలు తూగుద్దో నాకేటి తెలుసు? కాటా మీదికి మీరే ఎక్కించుకోండి... లేదు బాబూ, ఎవులికీ సెప్పలేదు. మా ఆడదానికి కూడా తెలీదు... ఆ, కాళీగా రావడం లేదు. షావుకార్ల ఇంటి సామాను ఏసుకుని వత్తన్నాను."

మిగిలిన టీ పారబోసేశాను.

మైదానంలో శీలావతి అంటే చేప. పులుసు పెట్టుకుంటారు. మా కొండల్లో ఆ పేరు వింటే ఎవరూ నోరు విప్పరు. గంజాయిలో అదొక రకం, కిందవాళ్ళు ఎగబడి కొనే రకం. పోలీసులు పట్టుకున్నప్పుడు పేపర్లో వేసే పేరు కూడా అదే. కేజీల లెక్కన శీలావతి, సాలూరులో అప్పగింత, పెళ్ళానికి కూడా చెప్పని రహస్యం, పైన మా బీరువా, మా పరుపులు! ఇంకేం మిగిలింది అనుమానించడానికి?

దిగిపోదామా అనుకున్నాను. దిగితే సామాను వెళ్ళిపోతుంది, దొరికితే ఆ సామాను మాదే. మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఒసే, సోమ్లు మంచోడే. నీకన్నీ అనుమానాలే" అన్నాడాయన. సున్నం డబ్బా పక్కన కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు.

పాడేరు దాటాం. నేను అద్దంలో వెనక్కి చూస్తూ కూర్చున్నాను. సోములు కూడా తన వైపు అద్దంలో వెనక్కే చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి, "ఆ నీలం డ్రమ్ము బరువైనదేనా అమ్మా?" అని అడిగాడు.

"నీకెందుకని ఒకసారి సెప్పానా లేదా?"

"అడిగినానమ్మా, అంతే."

అరకు సంతలో జనం కిక్కిరిసి ఉంటే, రోడ్డు దొరికేదాకా హారన్ కొడుతూ నిలబడ్డాడు. అక్కడా ఇంజను ఆపలేదు. నేను కొన్న వేయించిన జీడిపప్పు పొట్లం విప్పి పెట్టబోయి, మళ్ళీ మూసేశాను. గంజాయి మోసేవాడికి నా జీడిపప్పు ఎందుకు?

ఘాట్ సగం దిగాక, కాఫీ తోటల దగ్గర ఒక మలుపులో బండి పక్కకు తీశాడు. "ఒక్క నిమిసం" అని దిగి వెనక్కి వెళ్ళాడు. నేను అద్దంలోంచి చూస్తున్నాను. గుడ్డ టాపు పైకెత్తి తల లోపల పెట్టాడు. కుక్కలాగా వాసన చూశాడు. నా డ్రమ్ముకి కట్టిన తాడు మీద వేలు పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు చప్పున తీసేశాడు. తన సరుకు నా డ్రమ్ములోకి మార్చేస్తున్నాడని నాకు అర్థమైపోయింది. డ్రమ్ములో దొరికితే డ్రమ్ము నాది, కేసు నాది, సౌజన్య పరుగంతా నేలపాలు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. వాళ్ళు పట్టుకునేలోపు నేనే చెప్పాలి. ముందు చెప్పినవాళ్ళు సాక్షులవుతారు, తర్వాత దొరికినవాళ్ళు ముద్దాయిలవుతారు. ఈ మాట సౌజన్యే ఎప్పుడో పరీక్షకు చదువుతూ చెప్పింది. నిజమో కాదో నాకు తెలియదు, కాని అప్పుడు నాకు అదే ఆధారం.

ఘాట్ దిగాక చదునైన చోట చెక్‌పోస్టు. సోములు బండి పక్కన నిలబెట్టి, కాగితాలు పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు. నేను మంచినీళ్ళ వంకతో దిగి, షెడ్డు అవతల ఉన్న హెడ్ కానిస్టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, నేను షాపుదాన్ని. మాకు ఏ పాపం తెలీదు. ఆ డ్రైవరు మా సామాన్లలో శీలావతి పెట్టాడు. సాలూరులో కేజీల లెక్కన అప్పజెప్తానని ఫోన్లో అంటే నా చెవులారా విన్నాను. మా గుంట సౌజన్యకి పోలీసు ఉద్యోగం వచ్చింది బాబూ, మమ్మల్ని దీంట్లోకి లాగకండి."

హెడ్డు నా మొహం చూశాడు. తర్వాత బల్ల వైపు చూశాడు. అక్కడ సోములు ఇంకో కానిస్టేబుల్ చెవిలో ఏదో చెబుతున్నాడు. ఆ కానిస్టేబుల్ మా దగ్గరికొచ్చి, "సార్, డ్రైవరు ఈమె మీద చెబుతున్నాడు. నీలం డ్రమ్ములో గంజాయి ఉందంట, పొద్దున్నుంచీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదంట" అన్నాడు.

హెడ్డు పగలబడి నవ్వాడు. "బాగుందిరా! ఆవిడ నీమీద, నువ్వు ఆవిడ మీద. ఒకే బండిలో కూర్చుని వచ్చారా ఇద్దరూ? దింపండి మొత్తం. డ్రైవరూ, ఇంజనాపు."

సోములు మొహం అప్పుడు మారింది.

"ఆపమనకండి బాబూ. సెల్ఫు పోయింది. ఆపితే మల్లీ పల్లం కావాల. ఇక్కడంతా సదును. అలా నడుస్తా ఉంటాది, మీరు దింపుకోండి."

"కథలు చెప్పకు. ఆపు."

"బాబూ, ఈ ఒక్క పూట..."

"ఆపుతావా, నేనే ఆపనా?"

సోములు క్యాబిన్ ఎక్కాడు. పొద్దున చింతపల్లి నుంచి నా చెవుల్లో మోగుతున్న డగడగ ఆగిపోయింది. ఏటవాలున ఎందుకు పెట్టాడో, టీ దగ్గర ఎందుకు ఆపలేదో, మైదానం రోడ్డు ఎందుకు వద్దన్నాడో నాకు ఒక్కసారే తెలిసింది. ముందే చెప్పి ఉంటే ఏం పోయేదని కోపం కూడా వచ్చింది. చెప్పి ఉంటే ఆ బండి మాట్లాడుకునేవాళ్ళమా? మాట్లాడుకునేవాళ్ళం కాదు.

సామానంతా రోడ్డు పక్కన పరిచారు. పరుపులు గుచ్చి చూశారు. బీరువాలో చీరలు దులిపారు. గాజు సీసాలు రెండు పగిలాయి. ఏమీ దొరకలేదు.

"శీలావతి ఏదిరా?" అన్నాడు హెడ్డు.

"ఏ శీలావతి బాబూ?" అని సోములు అయోమయంగా చూశాడు. నేను విన్న మాటలు హెడ్డు ఒక్కొక్కటే అప్పజెప్పాడు. వింటూ వింటూ సోములు నా వైపు తిరిగాడు. తాళంచెవి తీసి బండి ముందుకు వెళ్ళి, బంపరు మీద దళసరిగా వేసిన రంగును గీకడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ పెచ్చులు లేచాయి. కింద పసుపు రంగులో ఒక అక్షరం, తర్వాత ఇంకొకటి. శీ. లా.

"దీని పేరే బాబూ. మిలట్రీ వేలంలో కొన్న సాలూరు షావుకారు ఆళ్ళమ్మ పేరు రాయించుకున్నాడు. ఆయన దగ్గర్నుంచి నేను కొన్నాను, పంతొమ్మిదేళ్ళయింది. ఈ పేరుతో తిరిగితే ప్రతి గేటు కాడా ఆపేసి నవ్వుతన్నారని నేనే రంగు కొట్టేసినాను. ఇప్పుడు ఎవులూ లోడివ్వడం లేదు, కాగితాలు కూడా ఈ నెలతో సరి. సాలూరులో ముక్కలు కోసి, ఇనుముకింద కేజీల లెక్కన తీసుకుంటారంట. నా సేత్తో తోలుకెళ్ళి అప్పజెబుదామనుకున్నాను. ఇంట్లో సెప్తే ఏడుస్తాదని సెప్పలేదు."

నవ్వుతారేమో అనుకున్నాను. హెడ్డు కూడా నవ్వలేదు.

"మరి డ్రమ్ము?" అన్నాడు కానిస్టేబుల్.

నేను అడ్డం వెళ్ళాను. "అది తెరవొద్దు బాబూ." ఆ మాటతో వాళ్ళకు ఉన్న కాస్త అనుమానం గట్టిపడింది. తాడు కోసి మూత లాగి డ్రమ్మును బోర్లించారు.

మా ఇంటి దేవుళ్ళు రోడ్డు మీద పడ్డారు. పైడితల్లమ్మ పటం, ఇత్తడి కుందులు, మా అత్తగారి నాటి చిన్న విగ్రహాలు, పసుపు కుంకుమ పొట్లాలు, వాటి చుట్టూ నేను చుట్టిన పాత పట్టుచీర. కుంకుమ పొట్లం చిరిగి తారు మీద చిందింది. కానిస్టేబుల్ గబుక్కున బూటు వెనక్కి తీసుకున్నాడు.

"దేవుళ్ళా?" అన్నాడు సోములు. చాలా మెల్లిగా అన్నాడు. "దేవుళ్ళని సెప్పొచ్చు కదమ్మా. ముట్టుకోవద్దన్నారు, ఏటుందంటే సెప్పలేదు. పొద్దున్నుంచీ అదే ఆలోసన నాకు. గంజాయే అనుకున్నాను. ఇంకోటి నాకు తోచలేదు."

నా దగ్గర జవాబు ఉంది, నోటితో చెప్పే జవాబు కాదది. దేవుళ్ళని చెబితే, అయితే ముట్టుకుంటే ఏటవుతాదమ్మా అని అడుగుతాడు. అప్పుడు అతని మొహం చూసి చెప్పాలి. ఇరవయ్యారేళ్ళు ఆ కొండవాళ్ళ మిరియాలు, వాళ్ళ పసుపు, వాళ్ళ చింతపండు తూచి కొని, ఆ పసుపే ఈ దేవుళ్ళకు పూశాను. ఆ చేతులు మాత్రం డ్రమ్ము మీద పడకూడదనుకున్నాను. ఇదంతా అక్కడ రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, కుంకుమ ఎత్తుకుంటూ ఆలోచించాను. సిగ్గేసింది.

"సోములూ, నేను పొరపాటు పడ్డాను" అన్నాను.

"నేనూ మీమీద సెప్పినాను కదమ్మా. సరికి సరి" అన్నాడు. సరికి సరి కాదని ఇద్దరికీ తెలుసు.

బండిని లేపడానికి చూశారు. పోలీసులు, నలుగురు ఆటోవాళ్ళు, నేను కూడా చెయ్యి వేసి తోశాం. రెండుసార్లు తోశాం. కదిలింది గాని ఇంజను అందుకోలేదు. ఒక ఇసుక లారీ ఆపి తాడు కట్టి లాగించారు. శీలావతి ఒక్కసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, గట్టిగా నాలుగు డగడగలు కొట్టింది. సోములు మొహం వెలిగింది. అంతలోనే లోపల ఏదో విరిగిన చప్పుడై ఆగిపోయింది.

అతను స్టీరింగు మీంచి చేతులు తీశాడు. తర్వాత ఫోన్ చేశాడు. "నడిసి రాదు బాబూ. క్రేనే పంపండి" అన్నాడు.

మాకు ఎస్.కోట నుంచి వేరే వ్యాను వచ్చింది. సోములే దగ్గరుండి సామాను ఎక్కించాడు. బీరువా అద్దం పగలకుండా పరుపు ఆనించాడు, మిగిలిన సీసాలు గోనెల్లో చుట్టాడు. పొద్దున ఎంత జాగ్రత్తగా ఎక్కించాడో అంతే జాగ్రత్తగా ఎక్కించాడు. చివరికి రోడ్డు పక్కన, నేను దేవుళ్ళను తిరిగి సర్దిన నీలం డ్రమ్ము మిగిలింది.

"సోములూ, అదీ ఎక్కించు" అన్నాను. నేను దాచుకున్న మాటంతా అందులో పెట్టి అన్నాను. అతనికి అర్థమైంది కూడా.

"వద్దులెండమ్మా" అన్నాడు. "మీరు ముట్టుకోవద్దన్నారు కదా."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నేను కూడా ఏదో అని ఉండేదాన్ని. చేతులు తువ్వాలుకు తుడుచుకుని, వెళ్ళి తన బండి ఎక్కి కూర్చున్నాడు.

నేను డ్రమ్ము లేపబోయాను. లేవలేదు. పట్టడానికి ఇక్కడ మాధవి లేదు. వ్యాను డ్రైవరు నోట్లో సిగరెట్టుతో వచ్చి, "తప్పుకో పిన్నీ, బేగి కానియ్" అని, కాలితో డ్రమ్మును ఒరగదోసి, రెండు చేతులతో ఎత్తి లోపలికి విసిరినట్టు పెట్టాడు. లోపల ఇత్తడి ఖంగుమంది. సిగరెట్టు బూడిద మూత మీద రాలింది.

నేనేమీ అనలేదు. అతనెవరో, ఏ ఊరివాడో, ఏ కులంవాడో అడగలేదు. అడగాలని తోచనే లేదు. పొద్దున సోములు మీద అరిచిన నోరు అప్పుడు ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. తలెత్తి చూస్తే సోములు క్యాబిన్లోంచి నన్నే చూస్తున్నాడు, అతను మొత్తం చూశాడు.

తర్వాతి వారం వెరిఫికేషన్‌కి వచ్చారు. ఎవరి మీదా ఏ కేసూ లేదని రాసుకుని, మా ఆయన ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయారు.